పరిహరించవలెను

“ఇది వంటింటి భాష,” అంటూ భర్త కాగితాన్ని ఇస్త్రీ బల్ల మీదికి విసిరాడు. “శాస్త్రం చదువుతున్నట్టు లేదు. పక్కింటావిడతో గోడ మీంచి మాట్లాడుతున్నట్టుంది.”

ఆమె చేతిలో ఇస్త్రీపెట్టె వేడిగా ఉంది. కాగితం అంచు దాని కిందికి జారబోతుంటే చటుక్కున పెట్టెను పైకెత్తి, కాగితాన్ని పక్కకు లాగింది. అతని చొక్కా కాలరు సగం నలిగి, సగం సాపుగా ఉంది. ముందు ఆ చొక్కా పూర్తి చేసి ఇవ్వాలి, తొమ్మిదింటికి అతనికి క్లాసుంది. ఏం మార్చాడో తర్వాత చూసుకోవచ్చనుకుంది. అలా అనుకోవడం ఆమెకు పదకొండేళ్ళుగా అలవాటే.

అతను కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాడు. శాస్త్రగ్రంథాల అనువాదకుడిగా ఊళ్ళో మంచి పేరుంది. ముందుగదిలో అద్దాల బీరువాలో అతని పేరున ఏడు పుస్తకాలున్నాయి. ప్రతి పుస్తకానికీ ఇంగ్లీషు మూలం అతని పేరుతోనే ఇంటికొచ్చేది. వచ్చిన మర్నాటినుంచీ అది భోజనాల బల్ల మీద ఆమె పని అయ్యేది. పొద్దుటి గిన్నెలకీ మధ్యాహ్నం వంటకీ నడుమ, తడిచేతులు చీరచెంగుకి తుడుచుకుని ఒక పేజీ. బట్టలారేసి వచ్చాక ఇంకో పేజీ. ఆమె జంతుశాస్త్రంలో డిగ్రీ చేసింది. పెళ్ళికి ముందు రెండేళ్ళు బడిలో పిల్లలకి కప్ప గుండెకీ మనిషి గుండెకీ తేడా చెప్పింది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, ఆమెక్కూడా అంతంతమాత్రమే. సాయంత్రం అతను వచ్చి ఆ పేజీలు ముందేసుకుని చెమటని స్వేదం చేసేవాడు, వాపుని శోథం చేసేవాడు, “తాగాలి” అన్నదాన్ని “సేవించవలెను” చేసేవాడు. ఇంటికొచ్చిన స్నేహితులతో, “మా ఆవిడ బండరాయి తెచ్చి పడేస్తుంది, శిల్పం చెక్కుకోవడం నా వంతు,” అని నవ్వేవాడు. వాళ్ళూ నవ్వేవాళ్ళు. టీ కప్పుల పళ్ళెంతో ఆమె కూడా నవ్వేది, ఎందుకంటే పళ్ళెం పట్టుకున్న మనిషి నవ్వకపోతే బాగుండదు. మొదటి పుస్తకం ముందుమాట చివర “టైపు చేసి సహకరించిన నా శ్రీమతికి” అని ఒక ముక్క వేశాడు. ఏడో పుస్తకంలో చోటు చాలక అదీ ఎగిరిపోయింది.

ఆర్నెల్ల క్రితం పెద్దాసుపత్రివాళ్ళ ప్రచురణ విభాగం నుంచి అతనికొక ఉత్తరం వచ్చింది. రోగులకిచ్చే కరపత్రాలు రాసేవాళ్ళకి ఆరు శనివారాల శిక్షణ ఉందని, తప్పక రమ్మని. అతను చదివి, “నాకా పాఠాలు చెప్పేది?” అని ఆమె వైపు తోశాడు. “నువ్వెళ్ళి కూచో. నా బదులు వచ్చానని చెప్పు. సర్టిఫికెట్టు మాత్రం నా పేరున తీసుకురా.”

అక్కడ చెప్పినావిడ పాతికేళ్ళు నర్సుగా చేసి, కాళ్ళు సహకరించక కుర్చీ ఉద్యోగంలోకి మారిన మనిషి. అందరూ ఎడిటరమ్మ అంటారు. మొదటి శనివారమే ఆవిడ, ఆమె రాసిన వాక్యాన్ని బోర్డు మీద పెట్టించింది. “గాయము శుభ్రపరచబడవలెను.” ఇంట్లో విని విని ఆమెకూ ఆ భాషే పట్టుబడింది.

“ఎవరు శుభ్రం చెయ్యాలమ్మా?” అనడిగింది ఎడిటరమ్మ.

“రోగి... లేకపోతే ఇంట్లోవాళ్ళు.”

“మరి వాళ్ళేరీ ఇందులో? గాయం తనంతట తనే లేచి కడుక్కుంటుందా?”

గదిలో అందరూ నవ్వారు. ఆమెకి చెంపలు వేడెక్కాయి. కానీ ఆ నవ్వులో పళ్ళెం లేదు. ఎడిటరమ్మ సుద్దముక్క ఆమె చేతికే ఇచ్చి, “మార్చండి,” అంది. ఆమె మార్చింది. “గాయాన్ని రోజుకు రెండుసార్లు మీరే కడుక్కోండి. చెయ్యి అందకపోతే ఇంట్లోవాళ్ళని కడగమనండి.” ఎడిటరమ్మ తల ఊపింది. ఆ తల ఊపు ఇంటిదాకా ఆమెతో వచ్చింది.

ఆ తర్వాత ఆమె చెవులు మారిపోయాయి. “కాఫీ ఇంకా రాలేదు.” “చొక్కాలు ఇస్త్రీ అవలేదు.” “అమ్మ మందులు అయిపోయినట్టున్నాయి.” ఆ ఇంట్లో పనులన్నీ వాటంతటవే అవుతున్నట్టుండేవి. ఏదైనా కానప్పుడు మాత్రం దానికొక మనిషి దొరికేది: “నువ్వు చెయ్యలేదు.” ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. శనివారం శనివారం వెళ్ళి నేర్చుకుంది. ఒక వాక్యంలో ఒక పనే చెప్పాలి. చదివే మనిషి భయంలో ఉంటాడని, కళ్ళజోడు మర్చిపోయి వచ్చుంటాడని గుర్తుపెట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, “అర్థమైందా?” అని ఎవర్నీ అడగకూడదు. పెద్దవాళ్ళ ముందు ఎవరైనా అయిందనే అంటారు. “ఇప్పుడు మీరేం చేస్తారు?” అని అడగాలి. వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పేది వినాలి, మధ్యలో అందించకూడదు.

ఇప్పుడు ఇస్త్రీ బల్ల మీద ఉన్నది ఆ ఆసుపత్రి కరపత్రమే. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర గురించి, నాలుగు పేజీలు. అచ్చుకి ముందు చివరి ప్రూఫు. అనువాదకుడు సంతకం చేసి మూడింటికల్లా పంపితే నాలుగింటికి ప్రెస్సుకి వెళ్తుంది.

భర్త వెళ్ళాక ఆమె కాగితం తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. మూడో పేజీలో తను రాసింది ఇది: “ఒకరోజు మాత్ర మర్చిపోతే: అదే రోజు గుర్తొస్తే వెంటనే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే, మర్చిపోయిన మాత్రను వదిలేయండి. రెండు మాత్రలు ఒకేసారి వేసుకోవద్దు.” దానిమీద అడ్డగీత ఉంది. పక్కన భర్త గుండ్రటి చేతిరాత: “విస్మృతమైన మోతాదును స్మరణకు వచ్చిన తక్షణమే స్వీకరించవలెను. తదుపరి దినమున మోతాదు ద్విగుణీకరణమును పరిహరించవలెను.”

రెండుసార్లు చదివింది. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. రెట్టింపు చేయడం మానుకోవాలనే అర్థం. కానీ ఆమె కాగితం పక్కన పెట్టలేకపోయింది. ఆ మాత్ర సంగతి ఆమెకి పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. నాలుగేళ్ళ క్రితం గుండె ఆపరేషన్ అయినప్పటినుంచీ అత్తగారు వేసుకుంటున్నది అదే. ఒకసారి పొరపాటున మూడు నాలుగు రోజులు ఎక్కువ పడింది. చిగుళ్ళలోంచి నెత్తురు, మోచేతుల మీద నేరేడుపండు రంగు మచ్చలు. ఆ రోజంతా ఎమర్జెన్సీ గది బయట బెంచీ మీద ఆమె ఒక్కతే కూర్చుంది. భర్త వేరే ఊళ్ళో సభలో శాస్త్రభాష గాంభీర్యం మీద మాట్లాడుతున్నాడు. వచ్చాక, “కాస్త చూసుకోవద్దూ నువ్వు?” అన్నాడు.

లేచి అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఆవిడ మంచం మీద కూర్చుని దుప్పటి అంచు కుట్టుకుంటోంది. ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది, పేపరు రోజూ మొదటినుంచి చివరిదాకా చదువుతుంది.

“అత్తయ్యా, ఇది చదివి, మాత్ర మర్చిపోతే మీరేం చేస్తారో చెప్పండి.”

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ చదివింది. “అబ్బో, వాడి రాతే ఇది. ఎంత బాగా రాస్తాడో చూడు.” మళ్ళీ చదివింది. “మర్చిపోయింది గుర్తు రాగానే వేసుకోవాలి.”

“మర్నాడు?”

“మర్నాడు పరిహారం చెయ్యాలంటున్నాడుగా. పోయినదానికి బదులన్నమాట. ద్విగుణం అంటే రెండింతలు. నిన్నటిదీ ఇవాల్టిదీ కలిపి రెండేసుకుంటాను.” కళ్ళజోడు తీసి, మంచి మార్కులు వచ్చిన పిల్లలా చూసింది. “అంతేగా?”

ఆమె ఆ వాక్యాన్ని మళ్ళీ చూసింది. పరిహరించడం, పరిహారం. అక్షరం తేడా. రెండు మాత్రలు.

ఒంటిగంటకి భర్త భోజనానికి వచ్చాడు. ఆమె వడ్డించాక కూడా కూర్చోలేదు.

“ఏమండీ, మూడో పేజీలో ఆ వాక్యం మార్చాలి. అత్తయ్య చదివి రెండు మాత్రలు వేసుకోమన్నారనుకున్నారు.”

అతను కలుపుతున్న చెయ్యి ఆపాడు. “అమ్మ చేత పరీక్ష రాయించావా? నా రాత మీద?”

“పరీక్ష కాదండీ. ఎడిటరమ్మ అలా చెయ్యమంటారు. ఎవరైనా...”

“ఆరు శనివారాలు టీ తాగొచ్చి నాకు పాఠం చెప్తున్నావా?” గట్టిగా అనలేదు. అతను గట్టిగా అనడు. గొంతు దించి, ఒక్కో మాటా విడివిడిగా పెడతాడు. “అమ్మా! ఇలా రా ఒకసారి.”

అత్తగారు గుమ్మం దగ్గరికి వచ్చింది. అతను ఎడమచేత్తో కాగితం అందించాడు. “ఇది నీకు అర్థమైందా, కాలేదా?”

ఆవిడ కొడుకు మొహం చూసింది. కోడలి మొహం చూడలేదు. “అర్థం కాకేం నాయనా. నువ్వు రాస్తే అర్థం కాకపోవడమేంటి?”

“ఏం అర్థమైందో చెప్పండత్తయ్యా,” అంది ఆమె. తన గొంతు తనకే బతిమాలుతున్నట్టు వినిపించింది. “పొద్దున చెప్పారు కదా, అదే చెప్పండి.”

“నన్నెందుకమ్మా మధ్యలోకి లాగుతావు?” అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

“విన్నావుగా.” అతను చెయ్యి కడుక్కుని, జేబులోంచి పెన్ను తీసి చివరి పేజీ మీద సంతకం చేశాడు. కవర్లో పెట్టి అంటించాడు. గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కొచ్చి ఆ కవరు బల్ల మీద పెట్టాడు. “నాకు రెండింటికి ప్రాక్టికల్సున్నాయి. నువ్వు ఎలాగూ కూరగాయలకి వెళ్తావు కదా, అలా వెళ్ళి ఆసుపత్రి ఆఫీసులో ఇచ్చి వచ్చెయ్.”

బస్సులో ఆమె ఆ కవరుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూరగాయల సంచీ దానికింద ఖాళీగా మడతపెట్టి ఉంది. ఇచ్చి వచ్చెయ్యడం చాలా సులువు. సంతకం అతనిది, పేరు అతనిది. ఎవరైనా రెండు మాత్రలు మింగితే అడిగేది అతన్నే. అసలు అడగరు కూడా. ఎవరో ముసలాయన బాత్రూములో పడిపోతాడు, నెత్తురు ఆగదు, వయసైపోయిందంటారు. ఆయన దిండు కింద ఆ కరపత్రం మడతపెట్టి ఉందని ఎవరూ చూడరు. ఒకవేళ చెప్తే? ఆ ఇంట్లో తన రేపటి పొద్దు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. మాటల్లేని కాఫీ, తలుపు మూసిన గది, “మీ ఆవిడ చాలా తెలివైనదటగా” అని ఎవరో అంటే అతని పెదవి ఒకవైపుకి లాగడం. పదకొండేళ్ళలో ఆ పెదవి అలా లాగకుండా చూసుకోవడానికే తను ఎన్ని వాక్యాలు మింగిందో లెక్క లేదు. దిగాల్సిన స్టాపు వచ్చింది. ఇంకో స్టాపు దాటాక గానీ లేవలేకపోయింది. ఎండలో వెనక్కి నడిచింది.

రెండు నలభై. ఆఫీసు గుమ్మంలో కూర్చున్న గుమాస్తా కవరు కోసం చెయ్యి చాచాడు. “సార్ సంతకం పెట్టారా మేడమ్? ఇటివ్వండి, ముద్ర వేసేస్తా.”

“పెట్టారు. కానీ నేను ఎడిటరమ్మ గారికే ఇస్తాను.”

ఎడిటరమ్మ కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని ఏదో దిద్దుకుంటోంది. ఆమె కవరు చించి, మూడో పేజీ తీసి ఎదురుగా పెట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మేడమ్, ఈ వాక్యం ఇలా వెళ్ళకూడదు.”

“మీవారి సంతకం ఉందిగా కింద.”

“ఉంది. అయినా వెళ్ళకూడదు.”

“ఆయన పెద్ద అనువాదకులు. మీరు వద్దంటే నేను ఏ లెక్కన ఆపాలి?”

ఆమె అడ్డగీత మీద వేలు పెట్టింది. “మూలంలోంచి మొదట రాసింది నేను. ఆ గీత కింద ఉన్నది నాది.”

ఎడిటరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. “ఈ ఒక్కటేనా?”

“ఏడు పుస్తకాలూ.”

ఎడిటరమ్మ పెన్ను కింద పెట్టింది. జాలి చూపిస్తుందేమోనని ఆమె భయపడింది. చూపించి ఉంటే అక్కడే ఏడ్చేసేది. ఎడిటరమ్మ కాళ్ళు కిందికి దించి, చెప్పులు వెతుక్కుంది. “మీ మాటా వద్దు, ఆయన మాటా వద్దు. పదండి కిందికి.”

కింద గుండెజబ్బుల విభాగంలో రోగులు వరసగా కూర్చునే హాలు. ఎడిటరమ్మ ఆమె చేతికి భర్త వాక్యం రాసిన కాగితం ఇచ్చి, “మీరే అడగండి. అందించకండి,” అంది.

మొదట ఒక రిటైరైన మాస్టారు. గడగడా చదివి, “రెట్టింపు చేయొద్దని. ఇందులో ఏముందమ్మా?” అన్నాడు. ఆమె చేతిలో కాగితం తడిసింది. తనదే పొరపాటేమో. అత్తగారొక్కరే అలా అనుకున్నారేమో. అంతదూరం వచ్చి, ఆయన సంతకం ఉన్న కవరు చించి... ఎడిటరమ్మ మొహంలో ఏమీ లేదు.

రెండో మనిషి టైలరు, వేళ్ళ నిండా సూది గాట్లు. రెండుసార్లు చదివాడు. “పరిహారం అని ఉందండి. మర్చిపోయినందుకు మర్నాడు డబల్ వేసుకోవాలనుకుంటా.” పక్కనే ఉన్న ఆయన భార్య, “అవునవును, మొన్న తప్పిపోతే రెండు వేశాను నేను,” అంది, మంచిపని చేసినట్టుగా.

ఎడిటరమ్మ ఆ దంపతుల్ని అప్పటికప్పుడే లోపలికి, నర్సు దగ్గరికి పంపింది. తిరిగొచ్చి, “ఆపుతున్నాను. ఇప్పుడు మీది చదివించండి,” అంది.

ఆమె తన వాక్యాలు రాసిన కాగితం తీసింది. మాస్టారు సరిగ్గా చెప్పాడు. కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్న వాచ్‌మన్ కూడా సరిగ్గానే చెప్పి, తల గోక్కున్నాడు. “ఒక్క డౌటమ్మా. నాది నైట్ డ్యూటీ. పదింటికి వేసుకోవాల్సింది, రెండింటికి గుర్తొచ్చిందనుకోండి. అది అదే రోజా, మర్నాడా?”

ఆమె తన కాగితం మళ్ళీ చూసుకుంది. ఏడు పుస్తకాల్లో ఎక్కడా ఇలా ఒక మనిషి ఎదురుగా కూర్చుని తన వాక్యాన్ని ఆపలేదు. మూలంలోనే లేదిది. తనకి తోచలేదు. విచిత్రంగా, సిగ్గు కలగలేదు. తప్పు చూపించినవాడి మీద కోపమూ రాలేదు. వాచ్‌మన్ మొహం చూస్తుంటే ఏదో దాహం తీరుతున్నట్టనిపించింది.

“తెలీదండీ,” అంది. “కనుక్కుని చెప్తాను.”

డాక్టరు ఫోన్లో చెప్పాడు: వేళ దాటి పన్నెండు గంటలు కాకపోతే వేసుకోవచ్చు, దాటితే వదిలేయాలి. హాల్లోనే గోడకి కాగితం ఆనించి ఆమె తిరగరాసింది. వాచ్‌మన్ చదివి, వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకుని, “అయితే రెండింటికి వేసుకుంటా. పొద్దున పదకొండింటికి గుర్తొస్తే ఊరుకుంటా,” అన్నాడు. నాలుగింటికి ఇంక అయిదు నిమిషాలుందనగా ప్రెస్సుకి కొత్త పేజీ వెళ్ళింది. అనువాదకుడి సంతకం చోట ఏం పెట్టాలని గుమాస్తా అడిగాడు. ఎడిటరమ్మ పెన్ను ఆమెకిచ్చింది. ఎన్నాళ్ళో అయింది సంతకం చేసి. చివరి అక్షరం వంకరపోయింది, అయినా దిద్దలేదు.

ఆరింటికి ఇంటికి చేరేసరికి భర్త ముందుగదిలో నిలబడే ఉన్నాడు. ఆఫీసు నుంచి మర్యాద కోసం ఫోను చేశారట.

“ఎవరో వెళ్ళి ఆపించారట. ఎవరు?”

“నేనే ఆపించాను.”

“ఏమని?”

“తప్పని. చదివినవాళ్ళు రెండు మాత్రలు వేసుకుంటున్నారని.”

“పదకొండేళ్ళు నా పక్కన కూర్చుని, నా దగ్గర నేర్చుకుని, నా పరువు బజార్లో పెట్టావు.” ఈసారి గొంతు దించలేదు. “ఎవడికో అక్షరమ్ముక్క రాకపోతే నా తప్పా? అమ్మకి అర్థమైందిగా! అమ్మే చెప్పిందిగా!”

లోపలి గది తలుపు తెరుచుకుంది. అత్తగారు గోడ పట్టుకుని వచ్చింది.

“నాకు రెండేసుకోమనే అర్థమైందిరా,” అంది. “మధ్యాహ్నం నీ మొహం చూసి అబద్ధం చెప్పాను.”

అతను తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూశాడు. వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అత్తగారు అక్కడే కుర్చీలో కూలబడింది. “మీ మావగారి ముందూ అంతే చెప్పేదాన్ని,” అంది నేలకేసి చూస్తూ. “అన్నీ అర్థమయ్యాయనే.” ఆమె వంటింట్లోకి వెళ్ళింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. క్షమించినట్టు కాదు, ఆవిడకి దాహంగా ఉన్నట్టనిపించి.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు. కావలసినవన్నీ తల్లికి చెప్పేవాడు, ఆవిడ వినిపించనట్టు దుప్పటి కుట్టుకునేది. మొదటి రెండు రోజులూ ఆమెకి అన్నం సయించలేదు. మూడోరోజు నుంచి ఆ నిశ్శబ్దంలో చదువుకోవడం మొదలుపెట్టింది. ఎడిటరమ్మ ఇచ్చిన పాత కరపత్రాలు, ఒక్కోటీ పట్టుకుని, ఎక్కడ మనిషి తప్పిపోతాడో వెతుక్కుంటూ.

పంతొమ్మిదో రోజు పొద్దున అతను భోజనాల బల్ల దగ్గరికి వచ్చి ఒక లావుపాటి కవరు ఆమె ముందు పెట్టాడు. ఆసుపత్రి ముద్ర ఉంది. కంటి శుక్లాల ఆపరేషన్ గురించి, ముప్పై పేజీలు.

“నెలాఖరుకి కావాలట,” అన్నాడు. చూపు కిటికీ వైపుంది. “జరిగిందేదో జరిగింది. మొదలుపెట్టు.”

ఆమె చెయ్యి తుడుచుకుని కవరు తెరిచింది. మొదటి పేజీ నిదానంగా చదివింది. మంచి మూలం. ఒకచోట మాత్రం చుక్కలు ఎన్నిసార్లు వేసుకోవాలో తేలడం లేదు. మనసులో గుర్తుపెట్టుకుని, కాగితాలు సర్ది, కవరు అతని వైపు జరిపింది.

“ఇది మీ పేరున వచ్చింది, మీరు చెయ్యండి. అయ్యాక ఆఫీసుకే పంపండి,” అంది సంచీ భుజానికి తగిలించుకుంటూ. “సోమవారం నుంచి అక్కడ సరిచూసేది నేనే.”